పనిచెయ్యని కౌంటరే మేలు

“అన్నా, వర్చువల్ మెషీన్‌లో ఆర్‌డీపీఎంసీ పనిచేస్తుందా?” అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. పనిచెయ్యకపోతే మీ అదృష్టం. పనిచేసిందా, అసలు తలనొప్పి అప్పుడే మొదలు. వర్చువల్ మెషీన్ (వీఎం) అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. ప్రాసెసర్ తన పనులను తానే లెక్కపెట్టుకునే పెర్ఫార్మెన్స్ కౌంటర్లను చదివే ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌డీపీఎంసీ.

వెటకారానికి అనడం లేదు. అనంతపురంలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదివే పిల్లల్లో నాకు తెలిసినవాళ్ల సంగతి చెప్తాను. చేతిలో విండోస్ ల్యాప్‌టాప్, దాని లోపల వర్చువల్‌బాక్స్, దాని లోపల ఉబుంటు. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లు ఇంట్లో బతిమాలి కార్డు పెట్టించి, క్లౌడ్‌లో అన్నిటికన్నా చిన్న మెషీన్ అద్దెకు తీసుకుంటారు. అదీ వర్చువలే. ప్రాసెసర్ మీద నేరుగా నడిచే లైనక్స్‌ను వీళ్లలో కొందరు కంటితో చూసి ఉండరు. కానీ క్యాష్ మిస్సులు (కావలసిన డేటా దగ్గరి మెమరీలో దొరకకపోవడం), బ్రాంచ్ మిస్సులు (ప్రోగ్రామ్ ఎటు మలుపు తిరుగుతుందన్న ప్రాసెసర్ ఊహ తప్పడం), సైకిల్‌కు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు అన్నవి చదవక తప్పదు, ప్రాజెక్టు రిపోర్టులో అంకెలు చూపించకా తప్పదు. కాబట్టి అంకె ఏదో ఒకటి వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

నా వాదన ఇంతే. లోపలి మెషీన్‌లో కౌంటర్ ‘నేను లేను’ అని చెప్పేస్తే దానితో పేచీ లేదు. నమ్మబుద్ధయ్యే అంకె ఇచ్చే కౌంటర్‌తోనే పేచీ. ఆ అంకె ఎవరి పనికి లెక్కో తేల్చుకోకుండా దాన్ని కాగితం మీద పెట్టకూడదు.

ముందు ఇన్‌స్ట్రక్షన్ సంగతి. 1993లో పెంటియంతో ఆర్‌డీటీఎస్‌సీ వచ్చింది. గడియారంలా కదిలే టైమ్‌స్టాంప్ కౌంటర్ (టీఎస్‌సీ) చదవడం ఒక్కటే దాని పని. ఆర్‌డీపీఎంసీ ఆ వెనకే పెంటియం ప్రో కాలంలో వచ్చింది. ఈసీఎక్స్ రిజిస్టర్‌లో కౌంటర్ నంబర్ పెట్టి పిలిస్తే ఈడీఎక్స్, ఈఏఎక్స్ జంటలో విలువ దొరుకుతుంది. ఇంటెల్ చిప్పుల్లో ఈసీఎక్స్ 30వ బిట్ కూడా పెడితే ఫిక్స్‌డ్ కౌంటర్లు అందుతాయి: సున్నా నంబర్‌లో రిటైరైన (నడిచి పూర్తయిన) ఇన్‌స్ట్రక్షన్లు, ఒకటిలో కోర్ సైకిళ్లు, రెండులో రిఫరెన్స్ సైకిళ్లు. చదవడం వరకు యూజర్ ప్రోగ్రామ్‌కు కుదురుతుంది గానీ, ఏ ఈవెంట్‌ను లెక్కపెట్టాలో రాసే రిజిస్టర్లు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ చేతిలోనే ఉంటాయి. ఆ చదవడానికైనా సీఆర్4 రిజిస్టర్‌లో పీసీఈ అనే బిట్ ఒకటి ఉంటుంది. అది సున్నా అయితే ప్రొటెక్షన్ ఫాల్ట్ వస్తుంది. లైనక్స్‌లో మన కళ్లకు కనబడేది సెగ్మెంటేషన్ ఫాల్ట్.

తొందరపడి తీర్పు చెప్పేది ఇక్కడే. ప్రోగ్రామ్ కూలిపోగానే “వీఎంలో సపోర్ట్ లేదు” అనేస్తారు. లైనక్స్ 4.0 నుంచి డిఫాల్ట్ నియమం వేరే ఉంది: లైనక్స్‌లో కౌంటర్లను చూసుకునే పెర్ఫ్ ద్వారా ఈవెంట్ తెరిచి, దాని పేజీని ఎంమ్యాప్ చేసుకున్న (తన మెమరీలోకి తెచ్చుకున్న) ప్రాసెస్‌కు మాత్రమే ఆర్‌డీపీఎంసీ అనుమతి. అసలు హార్డ్‌వేర్ మీద కూడా ఇదే కథ. ఫాల్ట్ వేసింది వర్చువల్ మెషీన్‌ను నడిపే హైపర్‌వైజరా, మన కెర్నెలా అన్నది విడదీయకుండా సపోర్ట్ గురించి మాట్లాడటం దండగ. విడదీయడం కష్టమేం కాదు. ప్రాసెసర్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే ఇన్‌స్ట్రక్షన్ సీపీయూఐడీ. ఇంటెల్ చిప్పుల్లో దాని పదో లీఫ్ అడిగితే ఈఏఎక్స్ కింది ఎనిమిది బిట్లలో పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ వెర్షన్ ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే కౌంటర్లు లేవు, మాట అయిపోయింది. సున్నా కాకపోతే ఎన్ని కౌంటర్లు, ఒక్కోటి ఎన్ని బిట్లు అన్నది ఆ పక్క బిట్లలోనే ఉంటుంది. సాధారణంగా 48 బిట్లు.

వర్చువల్‌బాక్స్ ఈ విషయంలో నాకు నచ్చుతుంది. కౌంటర్లు లోపలికి ఇవ్వదు. పెర్ఫ్ స్టాట్ నడిపితే సైకిల్స్ దగ్గర ‘నాట్ సపోర్టెడ్’ అని వస్తుంది. పిల్లాడు గొణుక్కుంటాడు గానీ మోసపోడు. మిగతా హైపర్‌వైజర్ల సంగతి వేరు. క్యూఈఎంయూలో సీపీయూ మోడల్‌గా ‘హోస్ట్’ ఎంచుకోకపోతే పీఎంయూ (కౌంటర్లుండే యూనిట్) ఆన్ అని చెప్పాలి, హైపర్-వీలో పవర్‌షెల్ నుంచి పెర్ఫ్‌మాన్ తెరవాలి, వీఎంవేర్‌లో ఒక టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాక అంకెలు ప్రవహిస్తాయి.

ఆ అంకెలు ఎట్లా తయారవుతాయో లైనక్స్‌లో ఉండే హైపర్‌వైజర్ కేవీఎంలో చూద్దాం. లోపలి మెషీన్‌ను గెస్ట్ అనీ, బయటి అసలు మెషీన్‌ను హోస్ట్ అనీ అంటారు. గెస్ట్ తన ఈవెంట్ సెలెక్ట్ రిజిస్టర్‌లో ఏదో రాస్తుంది. ఆ రాత హార్డ్‌వేర్‌ను చేరదు, కేవీఎం మధ్యలో పట్టుకుంటుంది. పట్టుకుని హోస్ట్ కెర్నెల్‌లో ఒక మామూలు పెర్ఫ్ ఈవెంట్ తెరిచి, దాన్ని ఆ వీసీపీయూ (గెస్ట్‌కు కనబడే ప్రాసెసర్) థ్రెడ్‌కు కడుతుంది. అంటే గెస్ట్ తనదనుకునే కౌంటర్ నిజానికి హోస్ట్‌లో ఎవరో క్యూలో నిలబడి తెచ్చిన కౌంటర్. ఆ క్యూలో ఇంకెవరు ఉన్నారో గెస్ట్‌కు తెలియదు. హోస్ట్‌లో ప్రాసెసర్ స్తంభించిందేమో కనిపెట్టే ఎన్ఎంఐ వాచ్‌డాగ్ ఒక కౌంటర్ పట్టుకుని కూర్చుంటుంది. హోస్ట్ అడ్మిన్ పెర్ఫ్ నడిపితే ఇంకొన్ని పోతాయి. హైపర్ థ్రెడింగ్ (ఒక కోర్ రెండు థ్రెడ్లుగా కనబడటం) ఆన్‌లో ఉన్న స్కైలేక్ లాంటి చిప్పుల్లో థ్రెడ్‌కు వాడుకునే కౌంటర్లు ఉండేదే నాలుగు. క్యూలో చోటు దొరక్కపోతే గెస్ట్‌కు ఎర్రర్ రాదు. అంకె కదలకుండా ఉండిపోతుంది.

పైగా ఇలా నడిచే కేవీఎంలో గెస్ట్ వేసిన ప్రతి ఆర్‌డీపీఎంసీ కూడా వీఎం ఎగ్జిట్టే, అంటే గెస్ట్ ఆగి హైపర్‌వైజర్‌లోకి పోవడమే. అసలు ప్రాసెసర్ మీద పదుల సైకిళ్లలో అయ్యే చదువు ఇక్కడ వెయ్యి దాటుతుంది. చిన్న ఫంక్షన్‌కు అటొకటి ఇటొకటి ఆర్‌డీపీఎంసీ పెట్టి మధ్యలో తేడా తీస్తే, కొలిచే ఖర్చే కొలతను మింగేస్తుంది. హైపర్‌వైజర్ సైకిళ్లు గెస్ట్ కౌంటర్‌లో పడకుండా ఆపినా, లోపలికీ బయటికీ తిరిగి వచ్చేసరికి క్యాష్‌లో మనం వదిలిపెట్టినది అట్లాగే ఉంటుందన్న హామీ లేదు.

ఎవరి లెక్క అన్న ప్రశ్న అనంతపురం వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. వాతావరణ ఆధారిత పంట బీమాలో శెనక్కాయ రైతుకు డబ్బులు వచ్చేదీ రానిదీ తేల్చేది తన చేలో పడిన వాన కాదు, ఆ ప్రాంతానికని పెట్టిన వాతావరణ కేంద్రంలో పడిన వాన. గేజీ చెడిపోలేదు, అబద్ధమూ చెప్పలేదు. అది కొలిచిన చోటు వేరు, అంతే. ఊరి ముందు మబ్బు నిలబడి, చేను దగ్గర చినుకు పడని సంవత్సరాలు చూసినవాళ్ల పిల్లలు, గెస్ట్ కౌంటర్‌లోని అంకెను మాత్రం తమ ప్రోగ్రామ్‌దే అని ఎందుకు నమ్మేస్తారో నాకు అంతుపట్టదు.

వీఎంవేర్ వాళ్లు ఈ ప్రశ్నను దాచలేదు, సెట్టింగ్‌గానే పెట్టారు. దాని పేరు ఫ్రీజ్ మోడ్. ‘గెస్ట్’ అని పెడితే గెస్ట్ ఇన్‌స్ట్రక్షన్లు నడిచేటప్పుడే కౌంటర్లు కదులుతాయి. ‘వీసీపీయూ’ అని పెడితే గెస్ట్ కోసం హైపర్‌వైజర్ చేసిన పని కూడా కలుస్తుంది. డిఫాల్ట్ ‘హైబ్రిడ్’: రిటైరైన ఇన్‌స్ట్రక్షన్లు, బ్రాంచీల వంటివి గెస్ట్‌వి మాత్రమే, మిగతావి రెండూ కలిపి. ఇప్పుడు సైకిల్‌కు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు అని భాగహారం చెయ్యండి. పైన ఉన్నది ఒకరి లెక్క, కింద ఉన్నది ఇద్దరి లెక్క. రిపోర్టులో అది చక్కగా రెండు దశాంశ స్థానాలతో కూర్చుంటుంది.

సరే, పరీక్ష ఎట్లా? జవాబు ముందే తెలిసిన లూప్ ఒకటి రాయాలి. అసెంబ్లీలోనే రాయాలి, కంపైలర్‌ను మధ్యలోకి రానీయకూడదు. ఒక రిజిస్టర్‌లో పది లక్షలు పెట్టి, డెక్ (ఒకటి తగ్గించు), జెఎన్‌జెడ్ (సున్నా కాకపోతే వెనక్కి దూకు), ఈ రెండే ఇన్‌స్ట్రక్షన్లు తిప్పాలి. రిటైరైన ఇన్‌స్ట్రక్షన్లు ఇరవై లక్షలు, బ్రాంచీలు పది లక్షలు రావాలి. ముందూ వెనకా ఉండే నాలుగైదు అదనపు ఇన్‌స్ట్రక్షన్లను వదిలించుకోవడానికి లూప్‌ను ఇరవై లక్షల సార్లు ఇంకోసారి తిప్పి రెండింటికీ తేడా తీయాలి. ప్రాసెసర్ ఆ రెండింటినీ లోపల కలిపి ఒకే మైక్రో-ఆప్‌గా నడిపినా ఇన్‌స్ట్రక్షన్ లెక్కలో అవి రెండే, కాబట్టి ఆ భయం వద్దు. యూజర్ మోడ్ మాత్రమే లెక్కపెట్టమని ఈవెంట్‌కు చెప్పాలి. అయినా ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా ఎక్స్86లో ఒకటో రెండో అదనంగా పడుతుంటుంది. చాలాసార్లు తిప్పి, కనిష్ఠం తీసుకుంటే అది పోతుంది. ఆర్‌డీపీఎంసీ తన ముందున్న ఇన్‌స్ట్రక్షన్లు పూర్తయ్యేదాకా ఆగదు కనుక దాని ముందు, అవి పూర్తయ్యేదాకా ఆపే ఎల్‌ఫెన్స్ పెట్టడం మరచిపోవద్దు. పెర్ఫ్ ఇచ్చిన పేజీలో ఇండెక్స్ సున్నా ఉంటే ఆ క్షణాన కౌంటర్ హార్డ్‌వేర్ మీద లేదని అర్థం. దాన్ని చూడకుండా చదివేవాళ్లకు ఏదో ఒక అంకె వస్తుంది, దాని గురించి నేను మాట్లాడను.

ఈ లూప్ వీఎంలో కూడా బాగానే నడుస్తుంది. కాబట్టి ఇక్కడితో ఆపితే పరీక్ష పెట్టనట్టే. లూప్‌లో హైపర్‌వైజర్‌ను తట్టిలేపేది ఏదీ లేదు మరి. ఇప్పుడు మధ్యలో ఒక సీపీయూఐడీ పెట్టండి. ఇంటెల్ చిప్పుల్లోని వర్చువలైజేషన్ సదుపాయం వీటీ-ఎక్స్‌లో సీపీయూఐడీ వేస్తే బయటికి పోవడం తప్ప దారి లేదు, ఆపే బిట్టే లేదు. హైపర్‌వైజర్ దాన్ని తానే చేసి, జవాబు రిజిస్టర్లలో పెట్టి, గెస్ట్‌ను తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర దింపుతుంది. అంటే హార్డ్‌వేర్ దృష్టిలో గెస్ట్ ఆ సీపీయూఐడీని రిటైర్ చెయ్యనే లేదు. హైపర్‌వైజర్ గుర్తుపెట్టుకుని కౌంటర్‌కు ఒకటి కలపకపోతే, ప్రతి తిరుగుడికీ ఒక ఇన్‌స్ట్రక్షన్ మాయం. కేవీఎంలో ఆ ఒకటి కలిపే కోడ్ మొదట్లో లేదు, తర్వాత చేర్చారు. కేవీఎం యూనిట్ టెస్టుల్లో కూడా ఇదే పాయింట్ మీద ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. ఎమ్యులేట్ చేసిన ఇన్‌స్ట్రక్షన్లు, బ్రాంచీలు లెక్కలోకి వచ్చాయా లేదా అని చూస్తుంది.

ఇంకో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. ఫిక్స్‌డ్ కౌంటర్లలో రెండో నంబర్, అదే రిఫరెన్స్ సైకిళ్లు, కోర్ నిద్రపోనంతసేపు టీఎస్‌సీ వేగంతోనే కదులుతుంది. తీరిక లేకుండా తిరిగే లూప్ అటూ ఇటూ రెండింటినీ చదివితే ఖాళీ హార్డ్‌వేర్ మీద తేడాలు దాదాపు సమానం. వీఎంలో, హోస్ట్ మీద బరువు వేసి చూడండి. టీఎస్‌సీ ముందుకు పోతుంది, గెస్ట్‌కు కట్టిన కౌంటర్ వెనకబడాలి. ఆ తేడాయే హోస్ట్ మన దగ్గర లాక్కున్న సమయం. హోస్ట్ ఉక్కిరిబిక్కిరి అవుతున్నా తేడా కనబడకపోతే కౌంటర్‌ను అనుమానించాలి. హోస్ట్ టీఎస్‌సీ స్కేలింగ్ (గెస్ట్‌కు టీఎస్‌సీ వేగం మార్చి చూపడం) వాడుతుంటే నిష్పత్తి ఒకటి ఉండదు, కానీ నిలకడగా ఉంటుంది. ముందుగా బరువు లేనప్పుడు దాన్ని చూసి పెట్టుకోవాలి.

ఇంత చాదస్తం అవసరమా అనేవాళ్ల కోసం ఆర్ఆర్ అనే డీబగ్గర్ సంగతి. మొజిల్లాలో పుట్టింది. ప్రోగ్రామ్ నడకను రికార్డ్ చేసి, అచ్చం అట్లాగే మళ్లీ నడిపిస్తుంది. సిగ్నల్ ఎక్కడ పడింది, థ్రెడ్ ఎక్కడ మారింది అన్నది గుర్తుపెట్టుకోవడానికి అది రిటైరైన కండిషనల్ బ్రాంచీల కౌంటర్‌ను వాడుతుంది. పది కోట్ల బ్రాంచీల్లో ఒక్కటి తప్పినా రీప్లే దారి తప్పుతుంది. అట్లాంటి ప్రోగ్రామ్ వీఎంవేర్ గెస్ట్‌లో ఒక వింత బయటపెట్టింది. రెండు సీపీయూఐడీల మధ్య ఉన్న కండిషనల్ బ్రాంచ్ అప్పుడప్పుడు లెక్కలోకి రావడం లేదు. కారణం దుర్మార్గమేం కాదు, పొదుపు. ఎగ్జిట్లు ఖరీదైనవి కాబట్టి, దగ్గర దగ్గరగా రెండు ఉంటే, ఒకసారి బయటికి వచ్చిన హైపర్‌వైజర్ మధ్యలో ఉన్న నాలుగు ఇన్‌స్ట్రక్షన్లను కూడా తానే నడిపేసి, రెండు పనులూ ఒకే ట్రిప్‌లో ముగిస్తుంది. ఆ నాలుగింటిలో ఉన్న బ్రాంచ్ గెస్ట్ ప్రాసెసర్‌లో నడవలేదు, కౌంటర్‌కు తెలియలేదు. గెస్ట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఇలా కలిపి నడిపే గుంపులను (క్లస్టర్లను) ఆపే లైన్ ఒకటి రాయమని ఆర్ఆర్ ఈరోజుకీ హెచ్చరిక చూపిస్తుంది.

ఈ బగ్‌ను మామూలు పెర్ఫ్ స్టాట్ వాడే మనిషి ఏ జన్మకైనా పట్టుకోగలడా? లక్షల్లో ఒకటి తగ్గితే ఎవరి కంటికి ఆనుతుంది? అంకె నమ్మశక్యంగా ఉండటమే ఇక్కడ అపాయం. ఒక్క బ్రాంచ్ తప్పినా తట్టుకోలేని ప్రోగ్రామ్ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

వర్చువలైజేషన్‌కు సిద్ధాంతం రాసిన పోపెక్, గోల్డ్‌బర్గ్‌లు 1974లోనే ఒక జాగ్రత్త పడ్డారు. లోపల నడిచే ప్రోగ్రామ్ బయట నడిచినట్టే ప్రవర్తించాలన్నారు. వెంటనే రెండు మినహాయింపులు ఇచ్చారు: సమయం ఒకటి, వనరుల లభ్యత రెండోది. చాలా ఇన్‌స్ట్రక్షన్లు నేరుగా హార్డ్‌వేర్ మీదే నడవాలన్నారు గనుక, మిగిలిన కొన్నిటి కోసం హైపర్‌వైజర్ లోపలికి దూరక తప్పదు, దూరినప్పుడల్లా సమయం మారక తప్పదు. పెర్ఫార్మెన్స్ కౌంటర్ పుట్టిందే వాళ్లు మినహాయించిన ఆ సంగతిని కొలవడానికి. అచ్చం అసలు దానిలాగే ఉండే వర్చువల్ కౌంటర్ కావాలని అడగడం, ఇవ్వనని ముందే చెప్పినవాడిని నిలదీయడం లాంటిది.

దీనికి నాకు తెలిసిన మంచి జవాబు వీఎంవేర్‌దే. తప్పు దగ్గర చెప్పినవాణ్ణి ఒప్పు దగ్గర కూడా చెప్పాలి కదా. ఒక ఆప్షన్ పెడితే ఆర్‌డీపీఎంసీకి హార్డ్‌వేర్‌లో లేని మూడు నంబర్లు పనిచేస్తాయి. హెక్సాలో 10000 అడిగితే హోస్ట్ అసలు టీఎస్‌సీ, 10001 అడిగితే నిజంగా గడిచిన నానోసెకన్లు, 10002 అడిగితే గెస్ట్‌కు గడిచినట్టు కనబడే నానోసెకన్లు. అసలు ప్రాసెసర్ మీద ఇవే నంబర్లు అడిగితే ఫాల్ట్ వస్తుంది. కేవీఎం కూడా ఒక మాడ్యూల్ ఆప్షన్‌తో వీటిని అనుకరించగలదు. ఇక్కడ ఎవరూ అసలు కౌంటర్ వేషం వేసుకోలేదు. నీ సమయం ఇది, లోకం సమయం ఇది అని వేరువేరుగా అడిగే వీలు ఇచ్చారు.

పాఠాలు చెప్పే నా మిత్రుడొకడు ఈ మాటలకు ఒప్పుకోడు. “ఏమప్పా, ట్రెండ్ తెలిస్తే చాలదా పిల్లోళ్లకి? మ్యాట్రిక్స్‌ను అడ్డవరసల్లో చదివితే మిస్సులు తక్కువ, నిలువు వరసల్లో చదివితే ఎక్కువ. వీఎంలోనూ అదే కనబడుతుంది కదా” అంటాడు. పైకి న్యాయంగానే ఉంది. రెండు కొలతల్లోనూ ఒకే తప్పు ఉంటే తేడా తీసేటప్పుడు కొట్టుకుపోతుంది, నిజమే. ఇక్కడ తప్పు రెండు వైపులా ఒకటే కాదు. నిలువుగా చదివేటప్పుడు పేజీలు గంతులు వేస్తూ పోతాం, టీఎల్‌బీ (పేజీల చిరునామాలు గుర్తుపెట్టుకునే చిన్న పట్టిక) మిస్సులు పెరుగుతాయి. అసలు మెషీన్‌లో నాలుగు లెవెళ్ల పేజీ టేబుల్ నడకకు నాలుగు మెమరీ రీడ్లు. వీఎంలో గెస్ట్ టేబుల్‌లోని ప్రతి అడుగుకూ హోస్ట్ టేబుల్ మళ్లీ నడవాలి కనుక అది 24 దాకా పోతుంది. అంటే వీఎం రెండు లూపుల్లో ఒకదాన్నే ఎక్కువ శిక్షిస్తోంది. పిల్లాడు దాన్ని క్యాష్ లైన్ ప్రభావం అని రాసుకుంటాడు. దిశ సరైనదే, వివరణ తప్పు. మనం నేర్పాల్సింది వివరణే కదా.

క్లౌడ్ కంపెనీలు చిన్న మెషీన్లలో కౌంటర్లు మూసేస్తాయని తిట్టేవాళ్లతో కూడా నేను కలవను. ఒకే చిప్ మీద పదిమంది అద్దెకున్నప్పుడు క్యాష్ కౌంటర్ పక్కవాడి కదలికలు కూడా చెప్తుంది. మూసేయడమే సరి. మూసేశామని సీపీయూఐడీలో సున్నా పెట్టి చెప్తే ఇంకా సరి. అక్కడ ప్రోగ్రామ్ ఎంతసేపు నడిచిందో మామూలు గడియారంతో చూసుకోండి. గిరాకీదారుకు తగిలేది ఎట్లాగూ అదే.

కౌంటర్లే కావాలంటే, కాలేజీలో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు. దాని మీద నేరుగా లైనక్స్ వేసి, బయాస్‌లో హైపర్ థ్రెడింగ్ తీసేయాలి. స్కైలేక్ లాంటి ఇంటెల్ కోర్ చిప్పుల్లో అప్పుడు నాలుగు కౌంటర్లు ఎనిమిది అవుతాయి. ఎన్ఎంఐ వాచ్‌డాగ్‌ను ఆపాలి. కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనబడే సిస్ఎఫ్ఎస్‌లో ఆర్‌డీపీఎంసీ ఫైల్‌లో 2 అని రాస్తే ఏ ప్రాసెస్ అయినా చదవగలదు. పిల్లలు తమ ల్యాప్‌టాపుల నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ముందు డెక్, జెఎన్‌జెడ్ లూప్ నడిపి ఇరవై లక్షలు చూపించినవాళ్లకే తర్వాతి ప్రయోగం. అదే లూప్‌ను తమ వీఎంలోనూ నడిపి, పక్కపక్కన రాయాలి, వీఎం ‘నాట్ సపోర్టెడ్’ అంటే ఆ మాటే రాయాలి.

మా మిత్రుడు డెస్క్‌టాప్ వరకు ఒప్పుకున్నాడు. అంకె పక్కన అది ఏ మెషీన్‌లో, ఏ హైపర్‌వైజర్ కింద వచ్చిందో రాయించమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. రికార్డు ఫార్మాట్‌లో ఆ కాలమ్ లేదంట.